పత్తి సంచి మీది అక్షరాలు

మా తమ్ముడు శంకర్ ఇల్లు మారుతున్నాడని తెలిసి సూరత్ వెళ్లాను. సాయం చేయడానికి వెళ్తున్నానని అందరితో చెప్పాను గానీ, అసలు సంగతి వాడు ఏమేం పారేస్తాడోనన్న భయం. పాతది ఏది కనబడినా వాడి చేతులు ఊరుకోవు. మేము పుట్టి పెరిగిన లింబాయత్‌లోని రెండు గదుల ఇల్లు వదిలి, తాపీ నదికి అవతల అడాజన్‌లో ఏడో అంతస్తు ఫ్లాటుకు పోతున్నాడు. కరీంనగర్ నుంచి బస్సులో ఒళ్లు హూనం చేసుకుని నేను దిగేసరికి ముందుగది నిండా జాతీయ జెండాల కట్టలున్నాయి. కడోదరాలో వాడికి చిన్న కుట్టు కార్ఖానా ఉంది. ఆగస్టు వచ్చిందంటే అక్కడ మూడు రంగుల పని తప్ప మరో పని ఉండదట. జాగా చాలక ఇంట్లో కూడా పేర్చాడు. కొత్త పాలిస్టర్ గుడ్డకు ఒక వాసన ఉంటుంది, కాస్త నూనె, కాస్త రంగు, కాస్త వేడి కలిసినట్టు. అరవై దగ్గర పడిన దాన్ని, ఆ వాసన ముక్కుకు తగలగానే తొమ్మిదేళ్ల పిల్లనై పోతాను.

"అక్కా, గీ రేకు పెట్టె తాతది. నువ్వే సూడు. నాకైతే అండ్ల పనికొచ్చేటిదేం కనవడ్తలేదు" అన్నాడు శంకర్, చేతిలో చెత్త గోనెసంచి పట్టుకునే.

పెట్టెలో కళ్లద్దాల డబ్బా, ఇత్తడి బిళ్ల ఉన్న తకిలీ, అడుగున నాలుగు మడతలు పెట్టిన గుడ్డ సంచి ఉన్నాయి. తకిలీ అంటే చేత్తో తిప్పి నూలు వడికే సన్నటి పుల్ల. సంచి తెల్లదే గానీ పసుపు తిరిగిపోయింది. దాని మీద వెలిసిన నీలి రంగులో ఒక పత్తికాయ బొమ్మ, బొమ్మ కింద రెండు వరుసల గుజరాతీ అక్షరాలు. దాన్ని ఒళ్లో పరుచుకుని నేను నేల మీదే కూర్చుండిపోయాను. శంకర్ కూతురు దివ్య, కాలేజీ పిల్ల, వచ్చి నా పక్కన కూలబడి "క్యా హై అత్తా? ఎందుకు ఏడుస్తున్నవ్?" అంది. ఏడవడం లేదన్నాను. అబద్ధమే.

మా తాత చేతిమగ్గం మీద నేసిన మనిషి. సిరిసిల్ల పక్క పల్లెలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతుకంతా గడిపి, మగ్గానికి పని లేకుండా పోయాక కొడుకు వెంట సూరత్ వచ్చాడు. ఆయన కొడుకు, అంటే మా బాపు, ఇక్కడ సాంచాల కార్ఖానాలో పనివాడు. మరమగ్గాన్ని మా వాళ్లు సాంచా అంటారు. మా వాడలో గోడ గోడకూ అవతల సాంచాలే. పగలూ రాత్రీ ఆ దడదడలోనే తిన్నాం, చదివాం, పోట్లాడుకున్నాం, పడుకున్నాం. అవి ఆగిపోయిన రోజే మాకు నిద్ర పట్టేది కాదు. బాపు పన్నెండు గంటలు నిలబడి పనిచేసి, చెవుల్లో దూది పోగులతో, వెంట్రుకల మీద తెల్లటి నుసితో వచ్చేవాడు. అమ్మ జొన్నరొట్టెలు కొడుతూ "జర గడప అవతల దులుపుకో" అనేది. అది దూది నుసి కాదు, పాలిస్టర్ నుసి. తాతకు ఆ తేడా ప్రాణం మీదికి వచ్చే తేడా. కొడుకు నేసే గుడ్డను ఆయన గుడ్డ అనలేదు, ప్లాస్టిక్కు అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా బాపు తలవంచుకుని రొట్టె తుంచుకునేవాడు.

తాత మటుకు వాకిట్లో గోడకు ఆనుకుని పొద్దునా సాయంత్రం తకిలీ తిప్పేవాడు. అది ఆయన ఉద్యోగం అనుకోండి. శ్రావణ మాసంలో అందరికీ రాఖీ పున్నమి, మాకు నూలు పున్నమి. పద్మశాలి మగవాళ్లు ఆ రోజు పాత జంధ్యం తీసి కొత్తది వేసుకుంటారు. మా వాడలో ఇరవై మంది మగవాళ్లకు జంధ్యాలు మా తాత వడికినవే. వాటికి పత్తి ఊరి నుంచి, మా చిన్నతాత చేని నుంచి రావాలి. ఎండాకాలం పెళ్లిళ్లకు ఊరికి పోయిన వాళ్లెవరో ఆ గుడ్డ సంచిని నింపుకుని తెచ్చేవారు. ఖాళీ అయ్యాక అమ్మ దాన్ని ఉతికి, ఆరేసి, మళ్లీ ఊరికి పోయే వాళ్ల చేతికిచ్చేది. అలా ఆ సంచి మా కన్నా ఎక్కువసార్లు ఊరికి పోయి వచ్చింది. "మన మట్టిల పండిన పత్తిరా ఇది. మనం ఏడుంటె ఏంది, మెడల మన మట్టి ఉంటది" అనేవాడు తాత. ఆయనకు సూరత్‌లో సొంతమైంది అదొక్కటే అని నాకు అప్పుడు అర్థం కాలేదు.

మా పక్కింట్లో మంగూబా అనే ముసలావిడ ఉండేది, గుజరాతీ. ఓల్పాడ్ వైపు పల్లెటూరు ఆమెది. ఆమెకు చదువు రాదు. ఊరి నుంచి ఆమె తమ్ముడు రాసే కార్డులు నేను చదివి పెట్టాలి. తెలుగు బడిలో చదివినా నాకు గుజరాతీ చురుగ్గా వచ్చింది ఆ కార్డుల పుణ్యమే. కార్డు చదివినందుకు బెల్లం పెట్టిన సుఖడీ ముక్క చేతిలో పెట్టేది. ఎవరు కొత్తగా వాడలోకి వచ్చినా ఆమె మొదటి ప్రశ్న "తమారుం గామ్ కయుం?" అనే, మీ ఊరేది అని. నేను సూరత్ అంటే నవ్వేది. సూరత్‌లో ఉంటున్నావు దీకరీ, అంటే బిడ్డా, నీ ఊరేదని అడిగాను, అనేది. తీరా ఎండాకాలం సెలవులకు ఊరికి పోతే అక్కడి పిల్లలు "సూరతోళ్లు వచ్చిండ్రు" అని వెంటపడేవాళ్లు. నాకు రెండు చోట్లా కోపమే వచ్చేది. కోపం చిన్నప్పటి నుంచీ నాకు కాస్త ఎక్కువే.

ఆ సంవత్సరం ఆషాఢంలో తాతకు జ్వరం వచ్చింది. రెండు వారాలు మంచం దిగలేదు. వడకాల్సిన పత్తి సగం మిగిలిపోయింది. "నీకు నేర్పిన గద బిడ్డా, మెల్లగ వడుకు. నీ చేతి నూలు గూడ నడుస్తది" అని తకిలీ నా చేతికిచ్చాడు. ఆడపిల్లకిస్తావా అని ఎవరో అంటే "నూలుకు ఆడ మగ ఉంటదారా?" అని మంచంలోంచే కసిరాడు. నేను పొంగిపోయాను. కానీ నా చేతిలో పోగు నిలవలేదు. ఒక చోట తాడంత లావు, ఒక చోట వెంట్రుక. లాగితే పుటుక్కున తెగేది. తెగినదల్లా దాచిపెట్టాను, దాచినదల్లా ఉండలు కట్టింది. పున్నమి ఇంకో వారం ఉందనగా చూస్తే పత్తి అయిపోయింది, నూలు లేదు. తాతకు చెబితే ఏమవుతుందో ఊహించుకునే ధైర్యం కూడా లేకపోయింది. అప్పుడు నేతపని చేసే సాలోళ్ల ఇంటి పిల్లకు మాత్రమే వచ్చే ఆలోచన ఒకటి వచ్చింది నాకు. బాపు చొక్కా జేబులో అప్పుడప్పుడు కార్ఖానా కండెల మీద మిగిలిన పోగులుండేవి. తెల్లటివి, ఎంత లాగినా తెగనివి. మెరుపు కనబడకుండా అమ్మ వార్చిన గంజిలో ముంచి, నీడన ఆరబెట్టి, నలిపి, చుట్లు చుట్టి తాత చుట్ల కింద పెట్టేశాను. పని బ్రహ్మాండంగా కుదిరింది. జ్వరం తగ్గి లేచిన తాత వేళ్లతో తడిమి "బిగువున్నది" అని మెచ్చుకుని, తన నూలుతో కలిపి పేని ఇరవై జంధ్యాలకూ చుట్లు చుట్టాడు. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

పున్నమి పొద్దున వాడలోని మగవాళ్లంతా తలస్నానాలు చేసి మా వాకిట్లో వరుసగా కూర్చున్నారు. మార్కండేయుడి పటం ముందు దీపం. అందరూ ఉపవాసం. తాత మొదటి జంధ్యం తీసి, దాని కొస ఒకటి దీపానికి తగిలించాడు. నూలు తెలిసిన వాడు ఎవడైనా చేసే పనే అది, ఏటా చేసేదే. నాకు మటుకు ఆ సంగతే గుర్తుకు రాలేదు. పత్తి నూలైతే కాగితంలా కాలి బూడిదవుతుంది. ఇది ముడుచుకుపోయి, నల్లటి పూసలా గడ్డకట్టి, కంపు కొట్టింది. తాత ఇంకో చుట్ట తీశాడు. అదీ అంతే. ఆయన ఆ నల్లటి పూసను వేళ్ల మధ్య నలిపి చూడటం నేను తలుపు వెనక నుంచి చూశాను.

"గిదేంది?" అని నెమ్మదిగా అడిగి, బాపు వైపు తిరిగాడు. "రాజయ్యా, పొద్దుందాక గా ప్లాస్టిక్కు నేసేది సాలదా? నా జంజెంల గూడ కలిపినవా?"

బాపు ఏదో అనబోయి తలెత్తాడు. తలుపు సందులో నా మొహం కనబడింది ఆయనకు. ఒక్క క్షణం నన్నే చూసి, తల దించుకుని, "తప్పయింది నాయినా" అన్నాడు.

ఇరవై మంది ముందు. తనతో పాటు సాంచాలు నడిపే వాళ్ల ముందు. ఇన్నేళ్లూ నేసిన ప్రతి మీటరుకూ మాటపడిన మనిషి, తను చేయని దానికి కూడా మాటపడ్డాడు. నాకు అంతకు మించి ఏ శిక్షా అక్కర్లేకపోయింది. బయటికి ఉరికి వచ్చి "బాపు గాదు తాతా, నేనే! నేనే కలిపిన!" అని గట్టిగా ఏడ్చాను. తాత నన్ను కొట్టి ఉంటే బాగుండేది. కొట్టలేదు, తిట్టలేదు. ఆ చుట్లన్నీ పక్కన పెట్టి గోడకు ఆనుకున్నాడు, అంతే.

ఎవరో కుర్రతనం కొద్దీ "బజార్ల దొరుకుతయి తాతా, ఉరికి కొనుక్కొస్త" అన్నాడు. తాత తల అడ్డంగా ఊపాడు. "సాలోళ్లం జంజెం కొనుక్కుందుమా? గా రోజే వస్తే ఇగ మనం సాలోళ్లం అని చెప్పుకునుడు బంద్ చేద్దాం" అన్నాడు. సాంచాలు ఆ రోజు సెలవు కావడంతో వాడంతా మరీ నిశ్శబ్దంగా ఉంది.

పిట్టగోడ అవతల నుంచి మంగూబా ఇదంతా చూస్తూనే ఉంది. భాష తెలియకపోయినా దీపం దగ్గర పోగు కాలిన తీరు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. ఆమె లోపలికి పోయి ఒక వెదురు బుట్ట మోసుకొచ్చింది. దేవుడికి వత్తులు చేసుకోవడానికి దాచుకున్న పత్తి అది, గింజలతో సహా. "లే కాకా, మారా భాయీనా ఖేతర్‌నో కపాస్ ఛే" అంటూ తాత ముందు పెట్టింది. తన తమ్ముడి చేని పత్తి అని నేనే తెలుగులో చెప్పాను.

తాత బుట్టను ముట్టుకోలేదు. "పెద్ద మనసు చేసుకున్నది. గని మన మట్టిల పండింది గాదు. వద్దని చెప్పు బిడ్డా, మర్యాదగ చెప్పు" అన్నాడు.

నేను ఆ మాట మంగూబాకు చెప్పలేదు. లోపలికి పోయి గుడ్డ సంచి తెచ్చి తాత ముందు పరిచాను. నాకు అంతకు ముందు ఏడాదే తెలిసిన సంగతి, ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నది, ఇక దాచలేకపోయాను. వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివాను. "సంకర్ కపాస్‌నుం బియారణ్. సంకరం పత్తి ఇత్తనాలు అని తాతా. గీ కింద రాసింది సూరత్ అని. గీ సంచిల మొదాలు ఇత్తనాలు పోయినయి. ఈడికెల్లే మనూరికి పోయినయి. చిన్నతాత అవ్వే పెట్టిండు."

"నీకెప్పటికెల్లి ఎరుక?"

"పోయినేడు సంచి ఆరేస్తుంటే చదివిన."

"మరెందుకు చెప్పలే?"

"నువ్వు వడుకుడు బంద్ వెడ్తవని."

తాత చాలాసేపు సంచినే చూశాడు. ఆయనకు ఆ అక్షరాలు రావు. పిల్ల మాట నమ్మాలో లేదో అన్నట్టుంది. తరువాత బుట్టలో చెయ్యి పెట్టి ఒక పత్తి తునక తీసుకుని, రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగాడు. పోగు ఎంత పొడుగొస్తుందో చూడటం అది. మళ్లీ తీశాడు, మళ్లీ లాగాడు. కళ్లు మూసుకుని మూడోసారి లాగాడు. సంచి చెప్పింది వినని మనిషి వేళ్లు చెప్పింది విన్నాడు. "గిదే" అన్నాడు. "ఇన్నేండ్ల సంది నేను వడికింది గిదే పత్తి." కూర్చున్న వాళ్లందరి మీదా గయ్‌మన్నాడు. "సూస్తరేంది గుడ్లప్పగించి? గింజలు తీయుండ్రి!"

ఆ తరువాత జరిగింది నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. పాలిస్టర్ తప్ప మరొకటి ముట్టుకోని ఇరవై మంది సాంచాల పనివాళ్లు వాకిట్లో గుండ్రంగా కూర్చుని పత్తిలోంచి గింజలు వలిచారు. మంగూబా మధ్యలో కూర్చుని, ఇలా కాదు అలా అని గుజరాతీలో అదిలించింది. అమ్మ దూదిని పుల్లకు చుట్టి ఏకులు చేసింది. తకిలీ ఒకటే, బాపు కార్ఖానా కాపలావాణ్ణి అడిగి ఖాళీ కండెలు తెచ్చి, అడుగున మట్టి ముద్దలు పెట్టి ఇంకో నాలుగు తకిలీలు చేశాడు. మొదట అందరి పోగులూ నావి లాగే తెగాయి, అది చూసి నాకు ఎంత ఊరటో చెప్పలేను. తెగనిది ఒక్క బాపు చేతిలోనే. ఇన్నేళ్ల తరువాత పట్టుకున్నా, సన్నగా, సమంగా, ఆగకుండా దిగింది నూలు. తాత తన తకిలీ ఆపి అదే చూస్తూ కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకు ఇరవై జంధ్యాలు తయారయ్యాయి. జంధ్యానికి ఉండాల్సిన తొమ్మిది పోగులకు పత్తి చాలక మూడేసి పోగులతోనే సరిపెట్టారు. మొదటిది తాత బాపును ఎదురుగా కూర్చోబెట్టి తనే వేశాడు. "చెయ్యి మర్వలే రాజయ్యా నీది" అన్నాడు. ఆ రోజు తరువాత మా ఇంట్లో ప్లాస్టిక్కు అన్న మాట వినబడలేదు. బాపు నుసితో ఇంటికి వస్తే ఒక్కోసారి తాతే కండువాతో ఆయన తల దులిపేవాడు.

మరుసటి ఏడు సంచి ఊరికి పోలేదు. పత్తి పంపనక్కర్లేదని ఉత్తరం రాయిస్తే చిన్నతాత అలిగి, సూరతోళ్లు అయిపోయిండ్రా అని జవాబు రాయించాడు. నేను పెళ్లయి కరీంనగర్ వెళ్లాను, బడిలో సాంఘిక శాస్త్రం చెప్పాను. అక్కడ ముప్పై ఏళ్లున్నా నాకు సూరత్ టీచర్ అన్న పేరు పోలేదు. పిల్లల చేత నేలల పటం వేయించేటప్పుడు మా వైపు రేగడికీ సూరత్ వైపు రేగడికీ ఒకే నల్ల పెన్సిల్ రుద్దుతారు. ఆ రోజు వాకిట్లో నా దగ్గర ఆ పటం ఉండి ఉంటే అనుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నానో. పాత రోజులే బాగుండేవి అని మటుకు నేను అనను. రెండు గదుల్లో ఏడుగురం పడుకున్నాం. సాంచాల మోతకు బాపుకు యాభై ఏళ్లకే చెవులు పోయాయి. ఈ రోజు దివ్యకు తనదంటూ ఒక గది, కిటికీ, ఆ కిటికీలోంచి నది. దానికి నేను మనసారా సంతోషపడ్డాను. ఒక్క సంగతే గుచ్చుకుంది. తాత తరువాత బాపు వడికాడు. బాపు పోయాక ఎవరూ వడకలేదు.

"మరి జంజెం యాడికెల్లి తెస్తున్నవురా?" అని శంకర్‌ను అడిగాను.

వాడు జెండాల కట్టలు సర్దుతూ నా వైపు చూడకుండా "దుకాన్ల దొరుకుతయక్కా" అన్నాడు. ఆ తరువాత తనే, "మంగూబా మనవడు ఓల్పాడ్‌లనే ఉంటడు. ఇప్పటికీ పత్తే పెడ్తడు. ఫోన్ చెయ్యాల్నా?" అన్నాడు.

నాలుగు రోజుల్లో పున్నమి. మర్నాడే సామాను కొత్త ఇంటికి చేరింది. మంగూబా మనవడు బండి మీద ఒక సంచి పత్తి తెచ్చి అడాజన్‌లో లిఫ్టు ఎక్కి మరీ ఇచ్చిపోయాడు. "అత్తా, మనే శిఖవాడో నా, నేర్పించు" అంటూ దివ్య కొత్త బాల్కనీలో నా ఎదురుగా కూర్చుంది. మొదటి రోజు దాని పోగు తెగినప్పుడల్లా గుజరాతీలో తిట్టుకుంది, రెండో రోజు హిందీలో. మూడో రోజు తెగలేదు. పున్నమి పొద్దున, నేను చెప్పకుండానే, కొస ఒకటి తీసి దీపానికి తగిలించింది. సన్నగా మండి, తెల్లటి బూడిద దాని అరచేతిలో రాలింది. శంకర్ ఆ బూడిదనే చూస్తూ, పాలిస్టర్ కత్తిరించీ కత్తిరించీ కాయలు కాసిన చేతులతో చొక్కా విప్పి మెడ వంచాడు.

ఆ సాయంత్రం దివ్య ఫ్లాట్ల సొసైటీ వాళ్లిచ్చిన ఫారం నింపుతోంది. పేర్లు, ఫోన్లు, బండి నంబరు అయ్యాయి. "పప్పా, ఇక్కడ మూళ్ వతన్ అని ఉంది. సొంతూరు అన్నట్టు. ఏం రాయాలి?" అంది. శంకర్ అలవాటుగా సిరిసిల్ల పక్కనున్న మా ఊరి పేరు చెప్పాడు. అది రాసింది. వాడు వేలితో భుజం మీది కొత్త నూలు సవరించుకుని, "ఇంక జాగ ఉన్నదా అండ్ల?" అన్నాడు.

"కొంచెం ఉంది."

"పక్కన సూరత్ అని గూడ రాయి."

"అరే పప్పా, సూరత్ పైన అడ్రసులో ఉంది కదా!"

"గది అడ్రసు బిడ్డా" అన్నాడు మా తమ్ముడు. "నేను చెప్పేది గిండ్ల రాయమని."